గాలి చొరని గాజు సీసాలు: తక్కువ ఖర్చుతో ఎంపిక

పంట ఇంటికి వచ్చిన దినములలో కందులు, పెసలు, మిరపకాయలు, పసుపు, చింతపండు ఒకేసారి సమకూర్చుకొని సంవత్సరమంతయు వాడుకొనుట మన పల్లెలలో పాత అలవాటు. ధర తగ్గియున్నప్పుడు కొని దాచుకొన్న గృహిణికి నాలుగు డబ్బులు మిగులును. కాని మాఘమాసములో డబ్బాలో పోసిన కందులు శ్రావణమునకు పుచ్చిపోయినచో మిగిలినదేమియు ఉండదు. పురుగు తిన్నది కొంత, చెరిగి పారవేసినది కొంత, మరల హెచ్చు ధర పెట్టి అంగడిలో కొన్నది కొంత.

ఈ నష్టమును తగ్గించుటకు నేడు చాలమంది గాజు సీసాలను కొనుచున్నారు. లోపల ఏమున్నదో, ఎంత మిగిలినదో మూత తీయకయే తెలియును. గాజునకు పులుపు పట్టదు, వాసన అంటదు, చిలుము పట్టదు. కడిగి ఎండబెట్టినచో నిన్న ఇంగువ పోసిన సీసాలో నేడు యాలకులు పోయవచ్చును. సీసాకు ఇట్లు అనేక సుగుణములు కలవుగాని, సరకును కాపాడునది గాజు కాదు, మూత. అంగడిలో సీసా అందమును చూచి ధర చెల్లించువారు మూతను తిప్పియైనను చూడరు. కొనునప్పుడు నూటికి డెబ్బది పాళ్లు మూతను, ముప్పది పాళ్లు సీసాను చూడవలెనని మా సలహా.

గాలి చొరకుండుట అనగా నేమి?

ఈ సూత్రము మనకు క్రొత్తది కాదు. పూర్వము మెట్ట ప్రాంతములలో జొన్నలను పాతరలలో దాచెడివారు. నేలలో గొయ్యి త్రవ్వి, గడ్డి పరచి, ధాన్యము నింపి, పైన మట్టితో మూసెడివారు. లోపలి గాలిలోని ప్రాణవాయువును గింజలును పురుగులును పీల్చివేయగా, బొగ్గుపులుసు గాలి నిండెడిది. అందులో పురుగు బ్రతుకలేదు. పాతర తెరచినవెంటనే మనిషి దిగరాదనియు, ముందు దీపమును దింపి అది ఆరిపోకుండ వెలుగుచున్నదో లేదో చూడవలెననియు పెద్దలు చెప్పుటకు కారణము ఇదియే.

గట్టి మూతగల సీసాలో జరుగునదియు ఇదియే. మనము పీల్చు గాలిలో ప్రాణవాయువు నూటికి సుమారు 21 పాళ్లు. బిగించిన సీసాలో అది 3 పాళ్లకు దిగినచో పురుగులు తినుట మాని క్రమముగా చచ్చును. అయితే ఇందుకు రెండు షరతులు కలవు. మూత నిజముగా బిగువైనదై యుండవలెను. సీసా మెడవరకు నిండియుండవలెను. సగము ఖాళీగా నున్న సీసాలో పురుగు చాలకాలము బ్రతుకుటకు కావలసిన గాలి ఉండును. దినమునకు రెండుసార్లు మూత తీయు సీసాలో ప్రతిసారియు క్రొత్త గాలి చేరును. కావున రోజువాడుక సీసా పురుగును చంపునని ఆశించరాదు. బయటి పురుగును, చీమను, చెమ్మను రానీయకుండుటయే దాని పని.

లోపలి పురుగు మాటేమి? పుచ్చు పురుగు డబ్బాలో పుట్టదు. చేనిలో కాయ ముదురుచున్నప్పుడే తల్లి పురుగు గ్రుడ్లు పెట్టును. అవి గింజలతోపాటు కళ్లమునకు, అక్కడనుండి ఇంటికి వచ్చును. వెచ్చని దినములలో నెల తిరుగకుండ క్రొత్త తరము బయలుదేరును. గింజపై తెల్లని చిన్న చుక్కలు అంటుకొనియున్నచో అవి గ్రుడ్లని తెలిసికొనవలెను. విరిచి పొట్టు తీసిన పప్పు కంటె గుండు గింజలకే ఈ బెడద ఎక్కువ. కందులను బాగుగ ఎండబెట్టి, కిలోకు ఒక చెంచాడు వంటనూనెగాని ఆముదముగాని పట్టించుట మన ఇండ్లలో ఎరిగినదే. నూనె పూసిన గింజపై పురుగు గ్రుడ్లు పెట్టుట తగ్గును, పెట్టినవియు చాలవరకు పొదగవు. ఈ పని సీసాలో పోయకముందే చేయవలెను.

తడి లోపల చిక్కినచో

గాలి చొరని సీసా లోపలి చెమ్మను బయటికి పోనీయదు. ఈ సంగతి మరచినచో మంచి సీసాయే కీడు చేయును. గోనెసంచిలోని గింజ కొంత చెమ్మగా ఉన్నను గాలి తగిలి ఆరవచ్చును. సీసాలోని గింజకు ఆ అవకాశము లేదు. అది బూజు పట్టును, ముక్క వాసన వేయును.

పప్పు గింజలలో తేమ నూటికి 9, 10 పాళ్లకు, వేరుసెనగ పప్పులో 7, 8 పాళ్లకు మించరాదు. వేరుసెనగ విషయములో అజాగ్రత్త పనికిరాదు. చెమ్మగిల్లిన పప్పుపై ఆకుపచ్చని బూజు పెరిగి అఫ్లాటాక్సిన్ అను విషమును పుట్టించును. 1960లో ఇంగ్లండులో లక్షకు పైగా సీమకోళ్లు చనిపోగా, వాటికి పెట్టిన వేరుసెనగ పిండిలో ఈ విషము ఉన్నట్లు బయటపడెను. మామూలు వంట వేడికి ఇది నశించదు. చిరకాలము తిన్నచో కాలేయమునకు హాని. బూజు పట్టిన పలుకులను ఏరివేసి మిగిలినవి వేయించుకొని తినుట పొదుపు కానేకాదు. మిరపకాయలకును ఇదే హెచ్చరిక వర్తించును.

తేమను కొలుచు యంత్రము ప్రతి ఇంట ఉండదు. గింజను పంటికింద పెట్టి కొరికినచో చప్పుడుతో పగులవలెను, నొక్కుకొని పోరాదు. గాజు సీసాతోనే చేయదగిన మరియొక పరీక్ష కలదు. పూర్తిగా ఆరిన సీసాలో మూడు గుప్పిళ్ల గింజలు, ఒక గుప్పెడు బాగుగ ఎండిన ఉప్పు పోసి, మూత బిగించి ఒక నిమిషము కుదిపి, పావుగంట కదలకుండ ఉంచవలెను. ఉప్పు సీసా గోడలకు అంటుకొన్నచో గింజలో తేమ నూటికి 15 పాళ్లకు మించి యున్నదని అర్థము. అట్టి సరకును మరల ఎండబెట్టక తప్పదు. ఉప్పు అంటుకొననంత మాత్రమున గింజ నిలువకు పనికివచ్చునని అనుకొనరాదు. 15 కంటె తక్కువ యన్నంత మాత్రమే ఈ పరీక్ష చెప్పును. అటుపిమ్మట ఇంకొక రెండు మూడు మంచి ఎండలు పెట్టుట మేలు.

ఎండిన సరకును వేడిగా ఉండగనే సీసాలో పోయరాదు. మిద్దెమీద నుండి దించిన కందులు, అప్పుడే వేయించిన రవ్వ, మర నుండి వచ్చిన వెచ్చని కారము వీటిని పళ్లెములో పరచి పూర్తిగా చల్లారనీయవలెను. వేడి సరకుపై మూత బిగించినచో రాత్రికి గాజు లోపలివైపు చెమట పట్టును. ఆ నీరు తిరిగి సరకులోనికే దిగును. మూత దగ్గర కారము ఉండకట్టుటకు తరచు కారణము ఇదే. అంగడివాని మీద నింద వేయుటకు ముందు దీనిని గమనించవలెను.

అంగడిలో దొరకు రకములు

మరమూత సీసాలు అన్నిటికంటె చవుక. 1858లో అమెరికాలో జాన్ లాండిస్ మేసన్ అనువాడు సీసా మూతికి మరలు పోయు పద్ధతికి పేటెంటు పొందెను. నేటికిని ఆయన పేరుతోనే ఒక తరహా సీసాలు అమ్మబడుచున్నవి. పేరున్నంత మాత్రమున ధర హెచ్చుగ ఇయ్యనక్కరలేదు. మరమూతలో లోపల మెత్తని పొర గలది, సీసా అంచునకు చుట్టును సమముగా తగులునది ఏదైనను చాలును. రేకు మూత పప్పులకు, పొడులకు బాగుండును. ఉప్పుకును పులుపుకును పనికిరాదు. కొద్ది నెలలలో తుప్పు పట్టి చిల్లులు పడును.

తీగె బిగింపుతో నొక్కుకొను గాజు మూత, దానిక్రింద రబ్బరు వాషరు గల సీసాలు రెండవ రకము. వీటి బిగువు మంచిది, ధరయు హెచ్చు. కొనుటకు ముందు ఒక ప్రశ్న అడుగవలెను: వాషరు పాడైనచో విడిగా దొరకునా? దొరకదని అంగడివాడు చెప్పినచో ఆ సీసా వాషరు ఉన్నన్నాళ్లే గట్టిది. తరువాత అది వట్టి గాజు పాత్ర. తీగె సడలియున్నది, మూత వేసినపుడు 'టక్కు'న పడక వదులుగా కదలునది తీసికొనరాదు.

వెదురు మూత, కొయ్య మూత గల సీసాలు ఇటీవల వాడుకలోనికి వచ్చినవి. చూచుటకు ముచ్చటగా ఉండును. రింగు సరిగా ఉన్నచో కొంతకాలము బిగువుగానే ఉండును. కాని కోస్తా జిల్లాల వానాకాలపు గాలికి కొయ్య ఉబ్బును, బూజు పట్టును. పెండ్లి కానుకకు బాగుగ నుండును గాని పప్పుల నిలువకు మేము వీటిని చెప్పము. గాజు బిరడా గల పాత మిఠాయి సీసాలు దుమ్మును ఆపును గాని గాలిని ఆపవు.

కొనునప్పుడు చేయు పరీక్షలు

సీసాను వెలుతురునకు ఎదురుగ పట్టి చూడవలెను. గాజు మధ్యలో ఒకటి రెండు చిన్న బుడగలున్నను నష్టము లేదు. మూతి అంచున మాత్రము బుడగ, పెచ్చు, గరుకు ఉండరాదు. వ్రేలితో అంచు చుట్టును నిదానముగా తడిమి చూడవలెను. అచ్చు గీత సీసా పక్కనుండి మూతి పైకి ఎక్కి గట్టుగా నిలిచినచో మూత అక్కడ ఆనదు, గాలి అక్కడినుండే పోవును. అడుగు సమముగా ఉన్నదా, బల్లపై పెట్టినపుడు ఊగుచున్నదా చూడవలెను. చేయి దూరనంత సన్నని మూతి గల సీసాను ఎంత చవుకయైనను వదలవలెను. అది ఏనాటికిని శుభ్రపడదు.

మూత బిగువునకు కాగితపు పరీక్ష తేలిక. సన్నని కాగితపు ముక్కను అంచుపై పెట్టి మూత బిగించి లాగవలెను. తేలికగా జారివచ్చినచో అక్కడ సందు ఉన్నట్లే. నాలుగు వైపులను ఇట్లు చూడవలెను. ఇది అంగడిలోనే చేయవచ్చును. అంగడివాడు విసుగుకొన్నను ఫరవాలేదు.

డజను సీసాలు కొనదలచినవారు ముందు ఒకటి మాత్రమే ఇంటికి తెచ్చుకొనుట మంచిది. ఖాళీ సీసాకు మూత బిగించి, చేతికి వెచ్చగా తగులు నీటి తొట్టెలో పూర్తిగా ముంచి పట్టుకొనవలెను. లోపలి గాలి వేడికి వ్యాకోచించి, సందున్నచోట బుడగలుగా వచ్చును. రెండు మూడు నిమిషములు ఒక్క బుడగయు రానిచో మూత మంచిది. మరగు నీరు వాడరాదు, మామూలు గాజు పగులును. వానాకాలములో నైనచో ఇంతకంటె సులువైన పద్ధతి కలదు. వేయించిన అప్పడమును విరిచి లోపల వేసి మూత బిగించి వారము దినములు ఉంచవలెను. తీసినపుడు కరకరలాడినచో ఇక మిగిలిన పదకొండును కొనవచ్చును.

హైదరాబాదు బేగంబజారువంటి టోకు అంగళ్లలో నలుగురైదుగురు కలిసి పెట్టె లెక్కన కొన్నచో ధర కలిసివచ్చును. మన దేశపు గాజు సామానులో పెద్దభాగము ఉత్తరప్రదేశములోని ఫిరోజాబాదునుండి వచ్చును. దూరప్రయాణములో అంచులు పెచ్చులూడుట సహజము గనుక పెట్టె విప్పి ఒక్కొక్కటి చూచి తీసికొనవలెను. ఒకే రకపు సీసాలు కొన్నచో ఒక దాని మూత మరియొకదానికి సరిపోవును. ఈ చిన్న సంగతి పదేండ్లపాటు ఉపయోగపడును.

పాత సీసాలు

అన్నిటికంటె చవుకైన సీసా ఇంటిలో ఇదివరకే ఉన్నది. జాము, తేనె, కాఫీ పొడి, పాలలో కలుపుకొను పొడులు వచ్చు సీసాలు గట్టివి. పాత ఇనుము, సీసాలు కొనువానికి కిలోల లెక్కన అవి ఇచ్చివేసి, అటువంటివే ఖాళీ సీసాలను అంగడిలో డబ్బు పెట్టి కొనుట చూచుచున్నాము. ఈ సీసాలలో గాజు పాడు కాదు, మూతయే పాడగును. మూత లోపలి మెత్తని పొర ఊరగాయ వాసన, నూనె జిడ్డు పీల్చుకొని యుండును. సోడాపొడి కలిపిన నీటిలో రాత్రంతయు నానబెట్టి ఎండలో పెట్టినను వాసన పోనిచో మూత మార్చవలెను. ఇట్టి సీసాల మూతులు సాధారణముగా 53, 63, 82 మిల్లీమీటర్ల కొలతలలో ఉండును. సీసా మూతిని కొలిచి, ఆ కొలతకు విడి మూతలు తెప్పించుకొనవచ్చును. పురుగుమందు, కిరోసిన్, మందులు ఉన్న సీసాలను ఎంత కడిగినను వంటయింటిలో వాడరాదు. ఈ విషయములో ఎవరి మాటయు వినవద్దు.

ఏ కొలత, ఎన్ని

సంవత్సరపు సరకంతయు గాజు సీసాలలో పోయుట అనవసరపు ఖర్చు. బస్తా కందులకు మంచి మూతగల రేకు పీపాయో, దళసరి పొరల సంచియో చాలును. సీసాలు రోజువాడుకకు, కొద్దిపాటి విలువైన సరకునకు. లీటరు సీసాలో కందిపప్పు సుమారు 800 గ్రాములు, పంచదార 850 గ్రాములు, గోధుమపిండి 500 మొదలు 600 గ్రాములు పట్టును. దినమునకు 100 గ్రాముల పప్పు వండు ఇంటిలో ఆ సీసా ఎనిమిది దినములకు ఖాళీ అగును. సరకు పాతబడుటకు వ్యవధి ఉండదు గనుక ఇంతకంటె పెద్దది కొననక్కరలేదు. పప్పులకు లీటరువి నాలుగు, ఆవాలు, జీలకర్ర, మెంతులు, ధనియములకు పావు లీటరువి, కారము పసుపులకు అర లీటరువి ఉన్నచో చిన్న సంసారమునకు సరిపోవును. చిన్న వాటిలో చాలవరకు పాత సీసాలే కావచ్చును.

ఖాళీ అగుచున్న సీసాలో పాత పప్పుమీద క్రొత్త పప్పు పోయు అలవాటు మానవలెను. అడుగున మిగిలినది నెలల తరబడి అక్కడే ఉండి పురుగునకు నిలయమగును. పాతది వేరుగా తీసి, సీసా తుడిచి, క్రొత్తది క్రింద, పాతది పైన పోయవలెను.

పసుపు, కారము వెలుతురునకు రంగు వెలియును. అందుచేత గాజు సీసాలను కిటికీ ఎదుట వరుసగా పేర్చుట చూడ సొంపేగాని సరకునకు చేటు. తలుపులు గల అలమరలో పెట్టవలెను. లేనిచో సీసాకు గోధుమరంగు కాగితము చుట్టవలెను. నువ్వుల పొడి, ఎండుకొబ్బరి, వేరుసెనగ పప్పు పొయ్యి ప్రక్కన ఉంచినచో త్వరగా ముక్కిపోవును. పిల్లలున్న ఇంటిలో పెద్ద సీసాలు క్రింది అరలో ఉండవలెను.

ఊరగాయ, నెయ్యి, మరికొన్ని

ఆవకాయకు జాడీయే మేలు. వాసెన కట్టిన జాడీనుండి పది దినములకు సరిపడునంత తీసి గాజు సీసాలో పోసికొనుట మంచి పద్ధతి. పెద్ద జాడీని మాటిమాటికి తెరువనక్కర ఉండదు. సీసాకు రేకు మూత వద్దు, గాజు మూతగాని ప్లాస్టిక్ మూతగాని ఉండవలెను. మామూలు రబ్బరు నూనె తగిలి ఉబ్బును. సిలికోను వాషరు నిలుచును. క్రొత్తగా కలిపిన ఊరగాయలో మూడు నాలుగు దినములు పొంగు ఉండవచ్చును గనుక సీసాను అంచువరకు నింపి తీగె బిగింపు వేయరాదు. ముక్కలపైన నూనె తేలియుండవలెను. నెయ్యి గోరువెచ్చగా ఉన్నప్పుడే పోయవలెను, కాగినది పోసినచో సీసా పగులును.

పచ్చి వెల్లుల్లి రేకలను నూనెలో ముంచి, ఉడికించిన కూరలను, పులుపు లేని తడి పదార్థములను గట్టి మూత వేసి బయట నిలువయుంచరాదు. గాలి లేనిచోట, పులుపు చాలనిచోట పెరుగు ఒక సూక్ష్మజీవి ప్రాణాంతకమైన విషమును పుట్టించును. దానికి రంగు, వాసన ఉండకపోవచ్చును. మన ఊరగాయలను ఉప్పు, పులుపు కాపాడుచున్నవి. ఆ రెండును తగ్గించి చేసిన వంటకములకు శీతలపెట్టెయే దిక్కు.

విత్తనములకు

పెరటి బీర, సొర, బెండ, వంగ విత్తనములను మరుసటి ఏటికి దాచుకొను రైతు స్త్రీలకు చిన్న గాజు సీసా చాల ఉపకరించును. విత్తనములోని తేమ నూటికి ఒక పాలు తగ్గినచో దాని ఆయువు సుమారు రెట్టింపగునని హారింగ్టన్ అను శాస్త్రజ్ఞుడు సూత్రీకరించెను. గాలి చొరని సీసాలో పెట్టు కూరగాయ విత్తనము మామూలుకంటె ఎక్కువగ ఎండవలెను. తేమ 8 పాళ్లు మించినచో బిగించిన సీసాలో మొలక శక్తి త్వరగా పోవును. నీడలో ఆరబెట్టి, ఉదయపు ఎండలో కొన్ని దినములు పెట్టి, సీసా అడుగున తేమ పీల్చుటకు బాగుగ వేయించి చల్లార్చిన బియ్యము నాలుగోవంతు పోసి, దానిపై పలుచని గుడ్డ పరచి, విత్తనములను కాగితపు పొట్లములలో ఉంచవలెను. పొట్లముపై పేరు, కోసిన నెల, సంవత్సరము వ్రాయవలెను. వానాకాలములో ఒకసారి పొడి ఎండ కాయు దినము చూచి బియ్యము మార్చవలెను. సీసాను పొయ్యికి దూరముగా, ఇంటిలో చల్లనైన మూలను ఉంచవలెను.

సీసాలు కడిగినపుడు మూతలనుండి వాషరులను ఊడదీసి వేరుగా తోమవలెను. వాటి క్రింద చేరిన పిండిలోనే పురుగులు దాగును. సీసాలను బోర్లించి ఆరబెట్టిన తరువాత వెల్లకిలా త్రిప్పి ఒక పూట ఎండలో ఉంచినచో లోపలి చెమ్మ పూర్తిగా పోవును. సంవత్సరమునకొకసారి, వానలు మొదలుకాకముందు, ప్రతి మూతను కాగితపు ముక్కతో మరల పరీక్షించి, పగిలిన వాషరులను మార్చుకొనవలెను.